భాస్కరాచార్యుడు – వర్గప్రకృతియందలి ఒక మహాసంఖ్య

భారతీయ గణితజ్యోతిషములను అభ్యసించినవారిలో భాస్కరాచార్యుని పేరు ఎఱుగనివారు లేరు. లీలావతి నామముతో లోకమున వ్యాప్తమైన కథయు ఎఱుగనివారు లేరు. కాని ఆ మహనీయుని బుద్ధివైభవమునకు గీటురాయి కథలో లేదు. బీజగణితమున వర్గప్రకృతి ప్రకరణమును, దానికి అంగమైన చక్రవాలమును విడమరచునప్పుడు అతడు సాధించి చూపిన పదియంకెల సంఖ్యలో ఉన్నది. 1766319049 అను ఆ సంఖ్య ఎట్లు పుట్టినది, దానిని పుట్టించినవాని జీవితమెట్టిది, ఆ కీర్తిలో పూర్వులకెంత భాగము కలదు అను విషయములు ఇచట వివరింపబడుచున్నవి.

భాస్కరుడు తన జననశకమును గోలాధ్యాయము చివర ప్రశ్నాధ్యాయమున తానే భూతసంఖ్యలతో చెప్పియున్నాడు. అది శాలివాహన శకము 1036, అనగా క్రీ.శ. 1114. తన 36వ యేట సిద్ధాంతశిరోమణిని రచించితినని కూడ ఆ సందర్భముననే చెప్పుటచేత ఆ గ్రంథరచనాకాలము 1150 అని నిర్ణయమగుచున్నది. పూర్వగ్రంథకర్తల కాలనిర్ణయమునకై పరోక్షసాక్ష్యములను వెదకుకొనుట మన వాఙ్మయచరిత్రలో పరిపాటి. భాస్కరుని విషయమున ఆ శ్రమ లేదు. అతడు శాండిల్యగోత్రుడు. తండ్రి మహేశ్వరుడు. సహ్యపర్వతప్రాంతమున విజ్జడవిడమను పురము అతని నివాసము. తండ్రియే తనకు గురువనియు, అతని పాదముల చెంతనే జ్ఞానలేశమును పొందితిననియు వినయముతో చెప్పుకొన్నాడు.

విజ్జడవిడమును కొందఱు బిజాపురమనిరి, మఱికొందఱు బీదరనిరి. ఈ వివాదమున శాసనసాక్ష్యమునకు బలమెక్కువ. నేటి మహారాష్ట్రమున జలగాఁవ్ జిల్లాలో చాలీస్‌గాఁవ్‌కు సమీపమున పాటణమను గ్రామము కలదు. అచటి దేవాలయమున నున్న శిలాశాసనమును భావూ దాజీ అను పండితుడు 1865లో ప్రకటించెను. దానివలన భాస్కరుని వంశక్రమమంతయు వెల్లడియయ్యెను. త్రివిక్రముడు, అతని కుమారుడు భాస్కరభట్టు, ఆపై గోవిందుడు, ప్రభాకరుడు, మనోరథుడు, మహేశ్వరుడు, మహేశ్వరునకు భాస్కరాచార్యుడు, అతనికి లక్ష్మీధరుడు, లక్ష్మీధరునకు చంగదేవుడు – ఇది ఆ క్రమము. వీరిలో భాస్కరభట్టునకు భోజరాజు విద్యాపతియను బిరుదమొసగెనని శాసనము చెప్పుచున్నది. భాస్కరాచార్యుని గణితజ్యోతిషములందు మాత్రమే కాక భాట్టమీమాంస, సాంఖ్యము మొదలగు శాస్త్రములందును, కావ్యమందును ప్రవీణునిగా అది కీర్తించుచున్నది. అతడు ఉజ్జయినీ వేధశాలకు అధ్యక్షుడనుమాట తఱచుగా వినబడుచుండును గాని, కుటుంబవృత్తాంతమును ఇంత విపులముగా చెప్పిన ఈ శాసనము దానిని సమర్థింపదు.

సిద్ధాంతశిరోమణి నాలుగు భాగముల గ్రంథము: లీలావతి, బీజగణితము, గ్రహగణితము, గోలాధ్యాయము. మొదటిది వ్యక్తగణితము, రెండవది అవ్యక్తగణితము. గ్రహగణిత గోలాధ్యాయములకు భాస్కరుడే వాసనాభాష్యమును రచించెను. లల్లుని శిష్యధీవృద్ధిదతంత్రమునకు వివరణము వ్రాసెను. 1183వ సంవత్సరమును ఆరంభకాలముగా గ్రహించి కరణకుతూహలమను కరణగ్రంథమును నిర్మించెను. అప్పటికి అతనికి 69 ఏండ్లు. యౌవనమున సిద్ధాంతమును, వార్ధకమున పంచాంగకర్తల నిత్యావసరమునకు తగిన కరణమును రచించుట అతని విద్యాజీవితముయొక్క రెండు కొనలు.

లీలావతి కథను గూర్చి ఒకమాట అవసరము. ముహూర్తనిర్ణయమునకై ఉంచిన ఘటీయంత్రమున ముత్యము పడి రంధ్రము మూసికొనిపోవుట, శుభలగ్నము తప్పుట, దుఃఖితయైన కూతురి పేర తండ్రి గ్రంథము వ్రాయుట – ఈ వృత్తాంతము అక్బరు ఆస్థానకవియైన ఫైజీ 1587లో చేసిన పారసీకానువాదపు పీఠికవలన ప్రచారమునకు వచ్చినది. మూలగ్రంథరచనకును ఈ కథకును నడుమ 437 ఏండ్ల అంతరము కలదు. మూలమున సంబోధనములు ఒకే తీరున లేవు. బాలయనియు, సఖుడనియు, కాంతయనియు, వత్సయనియు పిలుపులు మాఱుచుండును. వీనిలో కొన్ని కూతురిని ఉద్దేశించి తండ్రి వాడదగినవి కావు. పాటణశాసనమున కుమారుడును పౌత్రుడును కలరు గాని ఈ కూతురి ప్రస్తావము లేదు. కథ హృద్యమైనదే. అయినను అది గణితజ్ఞుని కీర్తికి ముసుగైనది. బీజగణితములోని గహనభాగము పాఠకుల దృష్టికి రాకపోవుటకు ఒక కారణమైనది.

ఆ గహనభాగమే వర్గప్రకృతి. దాని స్వరూపమిది. ప్రకృతియను ఒక సంఖ్య ఇయ్యబడును. ఏ పూర్ణసంఖ్యావర్గమును ప్రకృతితో గుణించి రూపమును, అనగా ఒకటిని కలిపినచో ఫలము మఱల వర్గమే యగునో, ఆ సంఖ్యను కనుగొనవలెను. గుణింపబడు వర్గముయొక్క మూలమునకు కనిష్ఠమనియు, ఫలముయొక్క మూలమునకు జ్యేష్ఠమనియు, కలుపబడు సంఖ్యకు క్షేపమనియు పేర్లు. భిల్లమాలాచార్యుడైన బ్రహ్మగుప్తుడు 628లో రచించిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతమున దీనికి పునాది వేసెను. ప్రకృతి 92 అయినచో కనిష్ఠము 120, జ్యేష్ఠము 1151 అగును. 120 వర్గము 14400. దానిని 92తో గుణింపగా 1324800. ఒకటి కలుపగా 1324801. ఇది 1151 వర్గము.

బ్రహ్మగుప్తుని సాధనము భావన. రెండు కనిష్ఠజ్యేష్ఠక్షేపముల వర్గములు తెలిసినచో వానినుండి మూడవదానిని పుట్టించుట దాని పని. ఒకదాని కనిష్ఠమును రెండవదాని జ్యేష్ఠముతో వజ్రాభ్యాసము చేసి కూడగా క్రొత్త కనిష్ఠము వచ్చును. కనిష్ఠముల ఘాతమును ప్రకృతితో గుణించి, జ్యేష్ఠముల ఘాతమును కలుపగా క్రొత్త జ్యేష్ఠము వచ్చును. క్షేపముల ఘాతము క్రొత్త క్షేపము. ఈ నియమము అమోఘమే, కాని దానికొక లోపము కలదు. భావన చేయుటకు అనుకూలమైన క్షేపము మొదట చేతికి చిక్కవలెను. చిక్కనిచో గణకుడు ఊహపై ఆధారపడవలసివచ్చును. ఆ ఊహను తొలగించి నియతమార్గమును ఏర్పఱచినది చక్రవాలము.

చక్రవాలమును వివరించుటకు భాస్కరుడు 67, 61 అను రెండు ప్రకృతులను ఉదాహరణములుగా గ్రహించెను. 61ని ఎన్నుకొనుటలోనే అతని ఆచార్యత్వము తెలియుచున్నది. దాని ఇరుగుపొరుగు సంఖ్యలను చూడుడు. ప్రకృతి 60 అయినచో కనిష్ఠము 4, జ్యేష్ఠము 31. ప్రకృతి 62 అయినచో కనిష్ఠము 8, జ్యేష్ఠము 63. ప్రకృతి 63 అయినచో కనిష్ఠము 1, జ్యేష్ఠము 8. ఇవి బాలురును ఊహింపగల ఫలములు. 67కు మాత్రము కనిష్ఠము 5967, జ్యేష్ఠము 48842 వఱకు పోవలెను. నడుమనున్న 61 యొక్క కనిష్ఠమో 22 కోట్ల 61 లక్షల 53 వేల 980. నూటికి లోబడిన ప్రకృతులన్నిటిలో లఘుతమఫలము ఇంత మహత్తరమగునది 61 ఒక్కటియే. ఒకటి మొదలుకొని వరుసగా వెదకువాడు జీవితకాలమంతయు వెదకినను ఈ ఫలమును చేరుట దుర్ఘటము. ఉపాయము లేనివానికి అసాధ్యమును, ఉపాయము కలవానికి ఒక పుటలో సాధ్యమును అయిన సంఖ్యను ఎన్నుకొనుట యాదృచ్ఛికమని తలచుట కష్టము.

ఇక సాధనక్రమము. కనిష్ఠమును 1గా కల్పించినచో ప్రకృతి 61. దానికి 3 కలుపగా 64. అది 8 వర్గము. కావున కనిష్ఠము 1, జ్యేష్ఠము 8, క్షేపము 3. ఇపుడు కుట్టకముచేత ఒక గుణకమును సాధింపవలెను. కనిష్ఠమును గుణకముతో గుణించి జ్యేష్ఠమును కలిపి క్షేపముతో భాగించినచో నిశ్శేషము కావలెను. 1, 4, 7, 10 మొదలగునవి అట్టివి. వీనిలో ఏ గుణకముయొక్క వర్గమునకును ప్రకృతికిని అంతరము అల్పమో దానిని గ్రహింపవలెను. 7 వర్గము 49. 61తో అంతరము 12. 10 వర్గము 100, అంతరము 39. కావున 7 గ్రాహ్యము. ఏడును ఎనిమిదియు కూడి 15. దానిని 3తో భాగింపగా క్రొత్త కనిష్ఠము 5. అంతరము 12ను 3తో భాగింపగా 4. ప్రకృతినుండి గుణకవర్గమును తీసివేసితిమి కావున చిహ్నము వ్యస్తమై క్షేపము ఋణము 4. జ్యేష్ఠము 39. సరిచూచినచో 5 వర్గము 25. 61తో గుణింపగా 1525. నాలుగు తీసివేయగా 1521. ఇది 39 వర్గము.

చక్రము ఒక్కమాఱు తిరిగినంతనే క్షేపము నాలుగైనది. ఇచట భాస్కరుడు చక్రమును నిలిపి భావనను పిలిచెను. క్షేపము నాలుగు, రెండు, ఒకటి అయినప్పుడు అభిన్నమూలములు లభించునని అతడు సూత్రమునందే చెప్పియున్నాడు. క్షేపమును 2 వర్గముతోను, మూలములను 2తోను భాగింపగా కనిష్ఠము 5/2, జ్యేష్ఠము 39/2, క్షేపము ఋణరూపము. దీనిని దీనితోనే భావన చేయగా కనిష్ఠము 195/2, జ్యేష్ఠము 1523/2, క్షేపము ధనరూపము. క్షేపము సిద్ధించినను మూలములు భిన్నములే. ఈ రెండింటిని కలిపి భావన చేయగా కనిష్ఠము 3805, జ్యేష్ఠము 29718, క్షేపము ఋణరూపము. భిన్నము తొలగినది, ఋణము మిగిలినది. తుదకు దీనిని దీనితో భావన చేయగా కనిష్ఠము 226153980, జ్యేష్ఠము 1766319049, క్షేపము ధనరూపము. ఋణమును ఋణముతో గుణింపగా ధనమగునను చిన్న నియమము ఇచట మహాఫలమును ఇచ్చినది.

ఈ సంఖ్యయొక్క ధర్మములు పరిశీలింపదగినవి. లీలావతియందలి స్థానసంజ్ఞలనుబట్టి ఇది అబ్జస్థానమువఱకు వ్యాపించినది: అబ్జము 1, అర్బుదములు 7, కోట్లు 6, ప్రయుతములు 6, లక్షలు 3, అయుతము 1, సహస్రములు 9, శతస్థానమున శూన్యము, దశకములు 4, ఏకములు 9. దీనినుండి ఒకటి తీసివేసినచో మిగిలినది 29718 వర్గమునకు రెట్టింపు. దీనికి ఒకటి కలిపినచో వచ్చునది 3805 వర్గమునకు 122 రెట్లు, అనగా ప్రకృతికి రెట్టింపుచేత గుణితము. ఈ విధముగా సంఖ్యకు ముందువెనుకలనున్న రెండు సంఖ్యలును దాని జన్మవృత్తాంతమును చెప్పుచున్నవి. నవశేషపరీక్ష చేసినచో జ్యేష్ఠముయొక్క అంకెల మొత్తము 46, శేషము 1. కనిష్ఠముయొక్క అంకెల మొత్తము 36, శేషము శూన్యము. శూన్యమును 61తో గుణించినను శూన్యమే. దానికి ఒకటి కలుపగా ఒకటి. కావున పరీక్ష సరిపోవుచున్నది.

జ్యేష్ఠవర్గము 3119882982860264401. కనిష్ఠవర్గమును 61తో గుణించినచో 3119882982860264400. ఇందు 19 అంకెలు కలవు. లీలావతియందు ఏకము మొదలు పరార్ధమువఱకు చెప్పిన స్థానములు 18. అనగా ఈ వర్గము పరార్ధమునకు ఆవలి స్థానమును ముట్టినది. ఆచార్యుడు తానే పఠించిన సంజ్ఞలలో దానికి పేరు లేదు. పేరు లేనంతటి పరిమాణముగల రెండు రాసులకు అంతరము ఒక్క రూపమేయని అతడు నిశ్చయించి చెప్పగలిగినాడు. ఈ నిశ్చయము గుణించి చూచుటవలన కలిగినది కాదు, భావనానియమముయొక్క సత్యమువలన కలిగినది. మఱియొక ప్రయోజనము: జ్యేష్ఠమును కనిష్ఠముతో భాగించినచో 61 యొక్క వర్గమూలమునకు అత్యంతాసన్నమైన విలువ వచ్చును. 7.81024967590665 అని మొదలగు ఆ భాగఫలము నిజమైన మూలముతో 17 దశాంశస్థానములవఱకు ఏకీభవించును. కరణీగతమూలములను స్థూలసూక్ష్మభేదముతో గ్రహించు గణకునకు ఇంతకంటె సూక్ష్మమైనది అవసరము లేదు.

ఈ పద్ధతియొక్క కర్తృత్వమును గూర్చి న్యాయమైన విచారము అవసరము. చక్రవాలమును భాస్కరుడే కల్పించెనని చిరకాలము తలచిరి. భాస్కరుడు మాత్రము అట్లు చెప్పలేదు. సూత్రమున చక్రవాలనామమును చెప్పునప్పుడు అతడు వాడిన క్రియ లిట్ లకారమున ప్రథమపురుష బహువచనము. కర్తలు పూర్వులనియు, తాను కాదనియు వ్యాకరణమే చాటుచున్నది. కృపాశంకర శుక్లా 1954లో ప్రకటించిన పరిశోధనవలన ఈ సూచన స్థిరపడినది. లఘుభాస్కరీయమునకు ఉదయదివాకరుడు 1073లో రచించిన సుందరీవ్యాఖ్యలో జయదేవుడను ఆచార్యుని శ్లోకములు ఉదాహృతములై యున్నవి. వానిలో చక్రవాలప్రక్రియ కలదు. గీతగోవిందకర్తయైన జయదేవుడు వేఱు, ఇతడు వేఱు. సిద్ధాంతశిరోమణికి కనీసము 77 ఏండ్లకు పూర్వమే ఈ మార్గము విదితమై యుండెనని దీనివలన తేలుచున్నది. బీజగణితము చివర కూడ బ్రహ్మగుప్త శ్రీధర పద్మనాభుల బీజములు అతివిస్తృతములగుటచేత వాని సారమును గ్రహించితినని భాస్కరుడు చెప్పుకొన్నాడు. కావున అతని కీర్తిని కల్పనయందు కాక, పరిష్కారమందును, ఉదాహరణౌచిత్యమందును, చక్రమును ఎచట నిలిపి భావనను ఎచట ప్రయోగింపవలెనో ఎఱిగిన నైపుణ్యమందును నిలుపవలెను. అర్హులకు చెందవలసినదానిని అర్హులకిచ్చుటవలన అతని మహత్త్వము తగ్గదు.

1657లో ఫ్రాన్సు దేశపు గణితజ్ఞుడు ఫెర్మా తన దేశీయుడైన ఫ్రెనికిలునకు ఇదే ప్రశ్నను పంపుచు 61, 109 అను సంఖ్యలను ప్రత్యేకముగా పేర్కొనెను. భాస్కరుని గ్రంథము ఫెర్మాకు తెలిసెననుటకు ఆధారము లేదు. ఐదువందల ఏండ్ల ఎడముతో రెండు దేశములవారు స్వతంత్రముగా ఒకే సంఖ్యను కఠినతమముగా గుర్తించుట ఆ సంఖ్యయొక్క స్వభావమునకే సాక్ష్యము. ఆంగ్లదేశమున బ్రౌంకర్, వాలిస్ అనువారు ఈ జాతి ప్రశ్నలను సాధించిరి. ఆయిలర్ పొరపాటున దీనిని పెల్ అను వానికి ఆరోపించుటచేత నేటికిని పాశ్చాత్యగ్రంథములలో పెల్ సమీకరణమను పేరు నిలిచిపోయినది. బ్రహ్మగుప్తునకు వేయియేండ్లు తరువాతివాడును, సాధనమున భాగము లేనివాడును అయిన పెల్ పేర ఈ విద్య చెలామణి యగుట చరిత్రలో ఒక వింత. కోల్‌బ్రూక్ 1817లో లీలావతీ బీజగణితములను బ్రహ్మగుప్తుని గణితాధ్యాయములతో కూడ ఆంగ్లమున ప్రకటించిన పిమ్మట ఐరోపీయులకు సత్యము తెలిసినది. జర్మనీ దేశపు చరిత్రకారుడు హాంకెల్ 1874లో, లగ్రాంజునకు పూర్వము సంఖ్యాశాస్త్రమున సాధింపబడినవానిలో చక్రవాలమే ఉత్కృష్టమని ప్రశంసించెను.

ప్రశంసతోపాటు ఒక లోపమును కూడ చెప్పవలెను. చక్రము తిరుగుచుండగా క్షేపము తప్పక రూపమునకు చేరుననుటకు భాస్కరుడు ఉపపత్తిని చెప్పలేదు. ప్రతి అవర్గప్రకృతికిని ఫలము కలదని తొలుత ఉపపత్తిపూర్వకముగా నిరూపించినవాడు లగ్రాంజ్. అది 18వ శతాబ్ది ఉత్తరార్ధమున జరిగినది. చక్రవాలమునకే ప్రత్యేకముగా ఉపపత్తిని ఎ.ఎ. కృష్ణస్వామి అయ్యంగారు 1929లో ప్రకటించిన వ్యాసమున చూపెను. వితతభిన్నమార్గమున 61కి ఫలము రావలెనన్నచో 11 పదముల ఆవృత్తి రెండుమాఱులు తిరిగి 22 సోపానములు కావలెను. భాస్కరుడు ఒక్క చక్రముతోను మూడు భావనలతోను అచటికి చేరెను. ఉపపత్తి లేకపోవుట లోపమే, మార్గలాఘవము గుణమే. రెండును చెప్పినప్పుడే చరిత్ర సమగ్రమగును.

భాస్కరుని విద్య కుటుంబమున నిలిచినది. కుమారుడు లక్ష్మీధరుని యాదవప్రభువు జైత్రపాలుడు రప్పించుకొని తన ఆస్థానమున విద్వదగ్రేసరుని చేసెనని పాటణశాసనము చెప్పుచున్నది. కాకతీయ గణపతిదేవుని చెఱనుండి విడిచి ఆంధ్రరాజ్యమున నిలిపితినని చాటుకొన్న వంశము ఈ యాదవులదే. పౌత్రుడు చంగదేవుడు సింఘణునకు జ్యౌతిషికుడయ్యెను. అతడు సిద్ధాంతశిరోమణి మొదలుగా భాస్కరుడును అతని వంశీయులును రచించిన గ్రంథముల అధ్యయనమునకై మఠమును నెలకొల్పెను. 1207లో నికుంభవంశీయుడైన సోయిదేవుడు దానికి భూమిని, ఇతరాదాయములను దానము చేసెను. ఒక గణితగ్రంథముయొక్క పాఠమునకై మఠమును నెలకొల్పి దానమిచ్చిన దృష్టాంతములు అరుదు.

ఆ పాఠపరంపర వ్యర్థము కాలేదు. 16వ శతాబ్దమున సూర్యదాసుడు సూర్యప్రకాశమును, గణేశదైవజ్ఞుడు లీలావతికి బుద్ధివిలాసినిని రచించిరి. పిమ్మట కృష్ణదైవజ్ఞుడు బీజగణితమునకు బీజపల్లవమను వ్యాఖ్యను రచించి సూత్రముల ఉపపత్తులను విశదపఱచెను. ఈ వ్యాఖ్యాతలవలననే బీజసూత్రములు కంఠపాఠముగా మిగిలిపోక అర్థవంతములై నిలిచినవి. సిద్ధాంతభాగమును బోధించు అధ్యాపకులు లీలావతితో ఆగక వర్గప్రకృతిని కూడ పాఠమునకు తెచ్చి, ఛాత్రునిచేత 61ని స్వహస్తముతో సాధింపజేయుట యుక్తము. కనిష్ఠము ఒకటి, జ్యేష్ఠము ఎనిమిది అని మొదలిడి ఒక పుట నిండులోపల అబ్జస్థానమును చేరిన ఛాత్రునకు భాస్కరుడెవడో వేఱుగ చెప్పనక్కఱలేదు.